దోస్త్‌కు చెప్పే బీమారీ, డాక్టర్‌కు చెప్పని బీమారీ

విమానం నడిపే మనిషికి తబీయత్ బాగోకపోతే ముందుగా ఎవరిని అడుగుతాడు? డాక్టర్‌ని అనుకుంటాం. చాలాసార్లు అడిగేది తనలాగే విమానం నడిపే ఇంకో పైలట్‌ని. "భాయ్, రెణ్ణెల్లుగా నిద్ర పట్టట్లేదు, ఏం వేసుకోమంటావ్?" "యార్, షుగర్ ఎక్కువొచ్చింది, మెడికల్‌కి ఇంకా నలభై రోజులే ఉంది, ఎలా దించాలి?" "ఈ గోలీ వాడుతున్నట్టు ఫారంలో రాయాలా, వద్దా?" ఇలాంటి సవాళ్లు కాక్‌పిట్‌లో, క్రూ వ్యాన్‌లో, హోటల్ గదుల్లో నడుస్తూనే ఉంటాయి. డాక్టర్ ముందు మాత్రం అదే మనిషి "అంతా ఖైరియత్, సార్" అంటాడు.

ఇది నా ఖయాల్ కాదు. 2022లో అచ్చయిన ఒక సర్వేలో అమెరికాలోని 3,765 మంది పైలట్లు జవాబులిచ్చారు. మెడికల్ సర్టిఫికెట్ పోతుందన్న ఖౌఫ్‌తో ఏదో ఒక రకంగా వైద్యాన్ని తప్పించుకున్నామని అందులో 56.1 శాతం మంది ఒప్పుకున్నారు. రికార్డుకెక్కని చాటుమాటు సలహాలతో పని కానిచ్చుకున్నామన్నవాళ్లు 45.7 శాతం. ఫారంలో అబద్ధం రాశామనో, నిజం దాచామనో చెప్పినవాళ్లు 26.8 శాతం. డాక్టర్‌కు చూపించుకోవాల్సిన కొత్త లక్షణం కనబడ్డా విమానం ఎక్కేశామన్నవాళ్లు 15.2 శాతం. ఇష్టమున్నవాళ్లు జవాబిచ్చిన సర్వే కాబట్టి పైలట్లందరి లెక్కా ఇదేనని అనను. కానీ ఇంతమంది చెప్పిన మాటను నలుగురు చెడ్డవాళ్ల కథ అని కొట్టిపారేయడం కుదరదు.

ఈ లెక్కలు చదవగానే మనలో చాలామందికి వచ్చే కోపం ఒక్కటే. "మా ప్రాణాలతో ఆటలా? లైసెన్స్ పీకేయండి, జైల్లో పెట్టండి." కోపం జాయజే. వెనక సీట్లలో కూర్చునేది మన అమ్మీలు, మన పిల్లలు, ఉమ్రాకి పోయే మన దాదీలు, గల్ఫ్ నుంచి రెండేళ్లకోసారి ఇంటికొచ్చే మన అన్నదమ్ములు. కానీ ఆ కోపం ఎవరి మీద తీర్చుకోవాలన్న దగ్గరే తేడా వస్తోంది. నా దావా ఇది: సచ్ చెప్పినవాడి రోజీ కొట్టి, ఝూట్ చెప్పినవాడిని హాయిగా డ్యూటీకి పంపే బందోబస్తు ఉన్నంతకాలం పైలట్లు డాక్టర్‌ను వదిలి దోస్తుల దగ్గరికే పోతారు. ముందు మారాల్సింది ఆ బందోబస్తు.

అది ఎలా పనిచేస్తుందో చూడండి. మన దేశంలో జీతానికి విమానం నడపాలంటే డీజీసీఏ క్లాస్ వన్ మెడికల్ పాస్ కావాలి. కళ్లు, చెవులు, గుండె, రక్తం, మూత్రం అన్నీ చూస్తారు. ఒకసారి పాసైతే అయిపోయేది కాదు. ఏడాదికోసారి, వయసు పైబడ్డాక ఆరు నెలలకోసారి మళ్లీ నిలబడాలి. ఫిట్ అంటే పండగ. టెంపరరీ అన్‌ఫిట్ అంటే విమానం దిగి ఇంట్లో కూర్చోవాలి. పర్మనెంట్ అన్‌ఫిట్ అంటే ఆ పేషా అక్కడితో ఖతమ్. ఒక టీచర్‌కు డిప్రెషన్ వస్తే సెలవు పెట్టి, దవా తీసుకుని, మళ్లీ బడికి పోతాడు. ఒక దర్జీకి షుగర్ వస్తే మిషన్ ఆపనక్కర్లేదు. పైలట్‌కు మాత్రం డాక్టర్ రాసిన ఒక్క లైనుతో జీతం ఆగిపోవచ్చు. పైగా ఆ చదువు యాభై లక్షల పైమాట. మన ఇళ్లల్లో అంత సొమ్ము ఎక్కడినుంచి వస్తుంది? పొలం అమ్మితే వస్తుంది, అమ్మీ నగలు కుదువ పెడితే వస్తుంది, బ్యాంకు ఖర్జా తీస్తే వస్తుంది. ఆ ఖర్జా భుజం మీద ఉన్న కుర్రాడికి డాక్టర్ హకీమ్‌లా కనబడడు, జప్తుకొచ్చిన అమీనాలా కనబడతాడు.

ఇక్కడ జర్మన్‌వింగ్స్ సంగతి చెప్పాలి. 2015 మార్చి 24న బార్సిలోనా నుంచి డ్యూసెల్‌డార్ఫ్ వెళ్తున్న ఎయిర్‌బస్ ఏ320ని దాని కో-పైలటే ఫ్రాన్స్‌లోని ఆల్ప్స్ కొండలకు గుద్దేశాడు. 150 మంది చనిపోయారు. అతనికి ట్రైనింగ్ రోజుల్లోనే, 2008-09లో, డిప్రెషన్ వచ్చి తగ్గింది. 2014 చివర్లో మళ్లీ లక్షణాలు మొదలయ్యాయి. చాలామంది డాక్టర్లను కలిశాడు. ప్రమాదానికి రెండు వారాల ముందు ఒక డాక్టర్ మానసిక వైద్యశాలలో చికిత్స తీసుకోమన్నాడు. పనికి పోకూడదని రాసిచ్చిన కాగితం కూడా ఉంది. అది కంపెనీకి చేరలేదు. డాక్టర్లూ చెప్పలేదు, అతనూ చెప్పలేదు.

ఆ హాదసా మీద ఫ్రాన్స్ దర్యాప్తు సంస్థ బీఈఏ 2016లో ఇచ్చిన రిపోర్టులో ఇంకో ముక్క ఉంది. దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అతను ట్రైనింగ్ కోసం 41,000 యూరోల దాకా అప్పు చేశాడు. మొదటి ఐదేళ్లలో శాశ్వతంగా అన్‌ఫిట్ అయితే కంపెనీ బీమా నుంచి ఒక్కసారి 58,799 యూరోలు వస్తాయి, అంతే. జీవితాంతం పోయే జీతానికి వేరే బీమా లేదు. పాత డిప్రెషన్ రికార్డు ఉండటం వల్ల అలాంటి బీమా దొరకడం కష్టంగా ఉందని అతనే ఒక మెయిల్‌లో రాసుకున్నాడు. 150 మందిని చంపినవాడికి నేను వకాల్తా పుచ్చుకోవట్లేదు. అతని గునాహ్ అతనిదే. డిప్రెషన్ వచ్చినవాళ్లంతా అలా చేస్తారనడం కూడా పచ్చి అబద్ధం. కోట్లమంది ఆ మర్జ్‌తో బతుకుతూ ఒక్కరికీ హాని చేయకుండా పోతున్నారు. నేను చెప్పేది బీఈఏ చెప్పిందే. లైసెన్స్ పోతే వచ్చే ఆర్థిక దెబ్బను తగ్గించండి, పైలట్లకు తోటివాళ్ల సహారా ఏర్పాటు చేయండి, డాక్టర్ ఎప్పుడు రహస్యం విప్పాలో సాఫ్‌గా రూల్ రాయండి అని అది సిఫారసు చేసింది. ప్రపంచం మాత్రం మొదట గుర్తుపెట్టుకుంది కాక్‌పిట్‌లో ఎప్పుడూ ఇద్దరుండాలన్న మాటనే.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా విమానం కూలి, లోపలున్న 242 మందిలో 241 మంది, కింద నేల మీద 19 మంది పోయారు. దర్యాప్తు తేలకముందే టీవీల్లో ఏం నడిచిందో చూశాం. చనిపోయిన కెప్టెన్ మనసు ఎలా ఉండేదో, ఇంట్లో ఏం బాధలున్నాయో సూటూబూటూ వేసుకున్న పెద్దమనుషులు స్టూడియోల్లో కూర్చుని తేల్చేశారు. జవాబు చెప్పుకోలేని మయ్యత్‌ను మళ్లీ మళ్లీ బోనులో నిలబెట్టారు. ఆ హాదసా జరిగిన నాలుగు రోజులకు, జూన్ 16న, ఎయిర్ ఇండియాలో 112 మంది పైలట్లు ఒంట్లో బాగోలేదని సెలవు పెట్టారని మంత్రిగారే పార్లమెంటుకు చెప్పారు. ఆ 112 మందిలో ఒక్కరైనా రేపు మానసిక వైద్యుడి దగ్గరికి పోవాలనుకుంటే, ఆ టీవీ చర్చలు గుర్తురాకుండా ఉంటాయా? ఈ రోజు తీసుకునే చీటీ రేపు తన జనాజా తర్వాత బ్రేకింగ్ న్యూస్ అవుతుందని తెలిసినవాడు ఆ చీటీ తీసుకుంటాడా? ఖామోషీని మనమే పెంచి పోషిస్తున్నాం. తర్వాత "ఎందుకు దాచావ్" అని మనమే గద్దిస్తున్నాం.

పైలట్ భాయిలకు, బహెన్‌లకు కూడా చెప్పాల్సిన మాట ఉంది. బందోబస్తు జాలిమ్‌దే కావచ్చు. అయినా దోస్త్ ఇచ్చిన గోలీ మీకు పనిచేసే దవా అయిపోదు. ఒకరి మర్జ్ ఇంకొకరిది కాదు, ఒకరి నుస్ఖా ఇంకొకరిది కాదు.

షుగర్‌నే తీసుకోండి. ఇద్దరికీ షుగరే. ఒకరు వాడేది మెట్‌ఫార్మిన్. అది ఒక్కటే వాడితే షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. ఇంకొకరు వాడేది గ్లిమిపిరైడ్. అది క్లోమాన్ని గిల్లి ఇన్సులిన్ వదిలిస్తుంది. దాన్ని వేసుకుని భోజనం ఆలస్యమైతే షుగర్ ధబేల్‌మని పడుతుంది. చేతులు వణుకుతాయి, చెమట పడుతుంది, ఆలోచన మసకబారుతుంది. రన్‌వే ముందర అదే జరిగితే? "నాకు మంచిగా పనిచేసింది, నువ్వూ వేసుకో" అన్న దోస్త్‌కు ఈ ఫరక్ తెలుసా?

జలుబును తీసుకోండి. ఇది చిన్న బీమారీ కదా అనిపిస్తుంది. దగ్గుకు మన ఇళ్లల్లో తాగే బెనడ్రిల్ సిరప్‌లో ఉండే డైఫెన్‌హైడ్రమిన్ మందు మత్తు తెస్తుంది. అది వేసుకున్నాక 60 గంటలు విమానం నడపొద్దని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ చెబుతుంది. ఒక రాత్రి పడుకుని లేస్తే దిగిపోయే మత్తు కాదది. 1990 నుంచి 2012 దాకా అమెరికాలో ప్రమాదాల్లో చనిపోయిన పైలట్ల రక్తపరీక్షలను అక్కడి దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ లెక్క తీస్తే, మనిషిని మందగించేలా చేయగల మందుల్లో అందరికంటే ఎక్కువసార్లు దొరికింది ఇదే. గంజాయి కాదు, కొకైన్ కాదు, మెడికల్ షాపులో చీటీ లేకుండా దొరికే జలుబు మందు. ఇక మందు వేసుకోకుండా జలుబుతోనే పోతే, విమానం కిందికి దిగేటప్పుడు మూసుకుపోయిన ముక్కు వల్ల చెవిలో ఒత్తిడి సరికాదు. కర్ణభేరి చిరగొచ్చు, నొప్పితో కళ్లు తిరగొచ్చు. జలుబున్న రోజున సెలవు పెట్టడమే సరైన ఇలాజ్. ఆ మాట ఏ దోస్తూ చెప్పడు, ఎందుకంటే సెలవు పెడితే అతనికీ జీతం కోసే అలవెన్సుల లెక్క ఉంది.

రమజాన్‌లో మన పిల్లలు ఒకరినొకరు అడుక్కునే సవాల్ ఇంకోటి. "రోజాతో లాంగ్ ఫ్లైట్ చేయొచ్చా?" ముసాఫిర్‌కు, మరీజ్‌కు రోజాను వేరే రోజులకు వాయిదా వేసుకునే రుఖ్సత్ ఖురాన్‌లోనే ఉంది. నీళ్లు లేక, షుగర్ పడిపోయి, పొడిగాలి కాక్‌పిట్‌లో కూర్చుంటే ఏమవుతుందో చెప్పాల్సింది విమానయాన వైద్యుడు. దీన్ గురించి ఆలిమ్‌ను అడగాలి, ఒంటి గురించి డాక్టర్‌ను అడగాలి. రెంటినీ సాటి ఫస్ట్ ఆఫీసర్‌ను అడిగితే రెండు జవాబులూ అరకొరే వస్తాయి.

అయితే దోస్తీ పనికిరాదా? బహుత్ పనికొస్తుంది, దాన్ని సరైన చోట నిలబెడితే. అమెరికాలో 1974లో హిమ్స్ అనే కార్యక్రమం మొదలైంది. షరాబ్‌కు బానిసైన పైలట్లను పట్టుకుని గెంటేయకుండా, ఇలాజ్ చేయించి, తోటి పైలట్ల నిఘాలో, డాక్టర్ నిఘాలో మళ్లీ పనిలోకి తెచ్చే పద్ధతి అది. యూనియన్, ఎయిర్‌లైన్స్, ప్రభుత్వం మూడూ కలిసి నడుపుతాయి. వేలమంది ఆ దారిన కాక్‌పిట్‌కు వాపస్ వచ్చారు. అక్కడ దోస్త్ పని గోలీ పేరు చెప్పడం కాదు, చేయి పట్టుకుని డాక్టర్ గుమ్మం దాకా తీసుకుపోవడం. జర్మన్‌వింగ్స్ తర్వాత యూరప్ కూడా రూల్ చేసింది. 2021 ఫిబ్రవరి నుంచి అక్కడి ఎయిర్‌లైన్స్ అన్నీ పైలట్లకు తోటివాళ్ల సహారా కార్యక్రమం పెట్టాల్సిందే. మన డీజీసీఏ కూడా 2023 ఫిబ్రవరిలో పైలట్ల మానసిక ఆరోగ్యం మీద సర్క్యులర్ ఇచ్చింది, ఇలాంటి సహారా ఉండాలని చెప్పింది. మంచిదే. కానీ సర్క్యులర్ కాగితం మీద ఉంటే సరిపోదు. అక్కడ చెప్పుకున్న మాట రోస్టర్ చేసే మేనేజర్ చెవిన పడదన్న భరోసా ఉంటేనే ఎవరైనా నోరు విప్పేది.

"రూల్స్ సడలిస్తే ప్రమాదం కాదా? బీమారున్నవాళ్లను విమానం ఎక్కిస్తారా?" అని అడిగేవాళ్లున్నారు. ఆ సవాల్‌కు చరిత్రలోనే జవాబుంది. 2010కి ముందు అమెరికాలో డిప్రెషన్ మందు వాడే పైలట్‌కు విమానం బంద్. ఫలితం ఏమిటి? కొందరు మందు మానేసి డిప్రెషన్‌తోనే ఎగిరారు. కొందరు మందు వేసుకుంటూ చెప్పకుండా ఎగిరారు. ప్రయాణికుడికి రెండూ నష్టమే. 2010 ఏప్రిల్‌లో ఎఫ్ఏఏ నాలుగు మందులకు, డాక్టర్ నిఘాతో, దారి తెరిచింది. అంతకంటే ముఖ్యంగా, ఇన్నాళ్లూ దాచినవాళ్లు ఆరు నెలల్లోగా వచ్చి నిజం చెబితే చర్య తీసుకోమని మాఫీ ప్రకటించింది. దాచినవాళ్లున్నారని హుకూమత్‌కే తెలుసన్నమాట! ఇన్సులిన్ కథా అంతే. ఇన్సులిన్ తీసుకునేవాడు ప్రయాణికుల విమానం నడపడం కుదరదని ఎన్నో ఏళ్లు అన్నారు. 2012లో బ్రిటన్, 2019లో అమెరికా షుగర్‌ను ఎప్పటికప్పుడు చూసుకునే గట్టి షరతులతో అనుమతించాయి. ఇది సడలింపు కాదు. దాగిన బీమారీని వెలుగులోకి తెచ్చి, దానికి కాపలా పెట్టడం. కనబడే షుగర్ మీద కాపలా పెట్టొచ్చు. కనబడని షుగర్ మీద ఎవరు పెడతారు?

పేరు అడగకపోతే సచ్ ఎలా బయటికొస్తుందో చూడండి. 2016లో అచ్చయిన, పేరు చెప్పనక్కర్లేని ఒక సర్వేలో 1,848 మంది పైలట్లు తమ మనసు సంగతి రాశారు. 12.6 శాతం మందికి డిప్రెషన్ స్థాయి లక్షణాలున్నాయి. 4.1 శాతం మందికి గత రెండు వారాల్లో చచ్చిపోవాలన్న ఖయాల్ వచ్చింది. ఇవాళ వాళ్లకు మనం ఇచ్చే మష్వరా ఏమిటి? మెడికల్ ఫారంలో "లేదు" అని టిక్కు పెట్టుకొమ్మనా?

ఇక మన ఇళ్ల సంగతి. ఈ మధ్య మన పిల్లలు కూడా ఆకాశం వైపు చూస్తున్నారు, మాషా అల్లాహ్. హైదరాబాద్ పాతబస్తీ నుంచి, బేకరీలో పనిచేసే అబ్బా కూతురు సయ్యదా సల్వా ఫాతిమా పైలట్ అయింది. ఆమెను చూసి ఎంతమంది అమ్మాయిలకు హిమ్మత్ వచ్చిందో! అలా బయలుదేరే పిల్లల అమ్మీ అబ్బాలకు నా దర్ఖాస్తు. ఫీజు కట్టకముందే, ఖర్జా తీయకముందే మెడికల్ చేయించండి. ముందు క్లాస్ టూ, తర్వాత క్లాస్ వన్. రంగులు సరిగా కనబడకపోవడం, గుండె లోపం లాంటివి అప్పుడే బయటపడితే బాధే, కానీ ఇల్లు మునగదు. ఏ దళారీ అయినా "మెడికల్ సంగతి మేం చూసుకుంటాం" అంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి. చిన్నప్పుడు ఫిట్స్ వచ్చినా, ఆస్తమా ఉన్నా పిల్లవాడితో దాచించకండి. ఉద్యోగంలో చేరేటప్పుడు జీతం ఎంత అని అడిగినట్టే, లైసెన్స్ పోతే బీమా ఎంత అని కూడా అడిగించండి.

అన్నిటికంటే కష్టమైంది ఒకటుంది. కొడుకు ఫోన్ చేసి "అమ్మీ, మనసు బాగోట్లేదు" అంటే మనం ఏమంటున్నాం? "ఎవరికీ చెప్పకు బేటా, నౌకరీ పోతుంది." "రిష్తాలొచ్చే టైము, బద్నామ్ అవుతావ్." "నమాజ్ చదువు, అదే పోతుంది." దువా చేయండి, తప్పకుండా చేయండి. దువాతో పాటు దవా కూడా కావాలని చెప్పండి. మన ఇంట్లో నేర్చుకున్న ఖామోషీనే పిల్లవాడు యూనిఫాం జేబులో పెట్టుకుని కాక్‌పిట్‌కు పోతాడు. రూల్ పుస్తకం నేర్పే అబద్ధం కంటే అమ్మీ నేర్పే అబద్ధం బలంగా అతుక్కుంటుంది.

హుకూమత్‌ను, ఎయిర్‌లైన్స్‌ను అడగాల్సింది పెద్ద లిస్టు కాదు. తనంతట తాను వచ్చి బీమారీ చెప్పుకున్న పైలట్‌కు ఇలాజ్ నడిచినంతకాలం ఇల్లు గడిచే జీతం ఇవ్వండి. ఏ బీమారీకి ఎన్నాళ్లు ఆగాలో, ఏ కాగితాలు తెస్తే వాపస్ తీసుకుంటారో ముందే రాసి పెట్టండి, నెలలకొద్దీ ఫైలు తిప్పకండి. తోటివాళ్ల సహారాను మేనేజర్ల చేతుల్లోంచి తీసి బయట నిలబెట్టండి. ఇవన్నీ చేశాక కూడా దాచినవాడు దొరికితే సజా వేయండి, అప్పుడు నేనూ మీ వెంటే ఉంటాను.

ప్రయాణికుల జాన్ పైలట్ చేతిలో అమానత్. ఆ పైలట్ తబీయత్ మన అందరి చేతిలో అమానత్. పైలట్‌కు నలతగా ఉన్న రోజున దోస్త్ నోట రావాల్సిన మాట "ఈ గోలీ వేసుకో" కాదు, "పద, డాక్టర్ దగ్గరికి నేనూ వస్తా" అని. ఆ మాట అన్నందుకు ఇద్దరిలో ఒక్కరి రోజీ కూడా పోని రోజు తెచ్చుకోవడమే మన ముందున్న పని.